నికొలాయ్ వావిలోవ్

నికొలాయ్ ఇవనోవిచ్ వావిలోవ్ (నవంబర్ 25, 1887 - జనవరి 26, 1943) సోవియట్ రష్యాకు చెందిన సుప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త, జన్యుశాస్త్రవేత్త మరియు అన్వేషక యాత్రికుడు. మానవుడు సాగుచేసే పంటలు భూమిపై ఏయే ప్రాంతాలలో పుట్టాయన్న ప్రశ్నకు సమాధానం వెతుకుతూ ఐదు ఖండాలు తిరిగాడు. సేకరించిన విత్తనాలతో లెనిన్‌గ్రాడ్ నగరంలో ఆనాటికి ప్రపంచంలోనే అతి పెద్దదైన విత్తన భాండాగారాన్ని నిర్మించాడు. తన దేశంలో కరవు అన్నది లేకుండా చేయాలన్నదే ఈయన జీవితాశయం. స్టాలిన్ పాలనాకాలంలో గూఢచారి అనీ, విద్రోహి అనీ అభియోగానికి గురై, సరటోవ్ నగరపు చెరసాలలో తిండి లేక కృశించి మరణించాడు.

బాల్యం - విద్యాభ్యాసం

వావిలోవ్ మాస్కోలో ఒక వర్తక కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఇవాన్ ఇల్యిచ్ ఒక పల్లెటూరి రైతు కుటుంబం నుండి బాల్యంలోనే మాస్కో చేరి, స్వయంకృషితో వస్త్ర వ్యాపారిగా ఎదిగినవాడు. తమ్ముడు సెర్గీ వావిలోవ్ (1891 - 1951) భౌతిక శాస్త్రవేత్తగా ప్రసిద్ధి పొందాడు. చెరెంకోవ్ కాంతిని కనుగొనడంలో ఇతని పాత్ర గణనీయమైనది. ఆ పరిశోధనకు 1958లో నోబెల్ బహుమతి లభించేనాటికి సెర్గీ జీవించి లేడు.

తండ్రి కోరిక మేరకు అన్నదమ్ములిద్దరూ వాణిజ్య పాఠశాలలో చదివారు. నికొలాయ్‌కు వ్యాపారంపై ఆసక్తి కలగలేదు. విశ్వవిద్యాలయ ప్రవేశానికి ఆనాడు లాటిన్ భాష తప్పనిసరి. వాణిజ్య పాఠశాలలో దానిని నేర్పేవారు కాదు. లాటిన్ కోసం ఒక సంవత్సరం వృథా చేయడం ఇష్టంలేక 1906లో మాస్కో వ్యవసాయ విద్యాలయంలో చేరాడు. ఒక భాష రాకపోవడం వలన వ్యవసాయ శాస్త్రానికి ఎంత మేలు జరిగిందో చెప్పనలవి కాదు. అక్కడ మృత్తికా రసాయన శాస్త్రంలో దిట్ట అయిన ద్మిత్రీ ప్రియానిష్నికోవ్ ఈయనకు గురువు. ఈ గురువు పేరు కథ చివరలో మళ్ళీ వస్తుంది. మాస్కో పరిసరాల పంటలను పాడుచేసే గుల్లలేని నత్తలపై వావిలోవ్ తన పట్టా పరిశోధన చేశాడు.

1913-14లో ఉన్నత పరిశోధన కోసం ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ దేశాలకు వెళ్ళాడు. మెండెల్ సూత్రాలను ఆంగ్లేయ లోకానికి పరిచయం చేసిన విలియం బేట్సన్ వద్ద ఎక్కువ కాలం గడిపాడు. తెగుళ్ళను తట్టుకునే గుణం మొక్కలలో తరతరాలకు ఎలా సంక్రమిస్తుందన్నది అప్పటి ఈయన పరిశోధనాంశం. వందలాది గోధుమ, ఓట్స్ రకాలను పక్కపక్కన పెంచి, త్రుప్పు తెగులు, బూడిద తెగులు వేటికి సోకుతున్నాయో, వేటికి సోకడం లేదో పరిశీలించాడు. పర్షియన్ గోధుమ అని పిలిచే రకం బూడిద తెగులుకు ఏమాత్రం లొంగకపోవడం ఈయన దృష్టిని ఆకర్షించింది. తెగులును ఎదిరించే శక్తి ఎక్కడో ఒక మూల, ఎవరూ పట్టించుకోని ఒక నాటు రకంలో దాగి ఉంటుంది. దానిని వెదికి తెచ్చి మన పంటతో సంకరం చేయాలి. ఆ తరువాత ఈయన చేసిన యాత్రలన్నిటికీ మూలం ఈ ఆలోచనే. మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభం కావడంతో 1914లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. మొక్కలలో రోగనిరోధకతపై ఈయన గ్రంథం 1919లో వెలువడింది.

పర్షియా, పామీర్ యాత్ర

1916లో పర్షియాలో ఉన్న రష్యన్ సైనికులకు ఒక వింత జబ్బు సోకింది. రొట్టె తిన్న వెంటనే మత్తు, తలతిరుగుడు కలిగేవి. కారణం కనిపెట్టడానికి ప్రభుత్వం వావిలోవ్‌ను పంపింది. అక్కడి గోధుమ పొలాలలో విషపూరితమైన ఒక కలుపు గడ్డి గింజలు పంటతో కలిసి పిండిలోకి చేరుతున్నాయని, ఆ గింజలకు బూజు కూడా సోకిందని ఈయన తేల్చాడు. స్థానిక పిండి వాడకం ఆపితే సమస్య తీరుతుందన్న సలహా ఇచ్చి, మిగిలిన కాలాన్ని విత్తనాల సేకరణకు వినియోగించుకున్నాడు. వెంట జర్మన్ పుస్తకాలు, ఆంగ్లంలో రాసుకున్న దినచర్య ఉండడం చూసి సరిహద్దు కాపలాదారులు ఈయనను జర్మన్ గూఢచారిగా భావించి కొంతకాలం నిర్బంధించారు. అప్పటి అనుమానం కొద్ది రోజులలో తీరిపోయింది.

అక్కడి నుండి పామీర్ పర్వతాలకు వెళ్ళాడు. కొండలలో పైకి పోయేకొద్దీ గోధుమ చేలలో రై అనే ధాన్యం కలుపు మొక్కగా ఎక్కువవడం గమనించాడు. చలికి గోధుమ తట్టుకోలేని ఎత్తులో కలుపైన రై మొక్కే మిగులుతుంది. చివరకు రైతులు దానినే పంటగా కోసుకుంటున్నారు. అనగా రై మొదట పంట కాదు, గోధుమను అంటిపెట్టుకొని తిరిగి తానూ పంటగా మారిన కలుపు. కలుపు మొక్క పంటను పోలిన రూపం సంతరించుకోవడాన్ని నేడు శాస్త్రజ్ఞులు ఈయన పేరుతో వావిలోవ్ అనుకరణ అని వ్యవహరిస్తున్నారు. వరి చేలో కలుపు తీసిన మన రైతులకు ఈ విషయం కొత్త కాదు. వెన్ను వేసేదాకా ఊద గడ్డికి, వరి పైరుకు తేడా కనిపెట్టడం కష్టం. కలుపు తీసే చేతికి చిక్కకుండా వరిలా కనిపించిన ఊద మొక్కలే బతికి విత్తనం రాల్చడం వలన తరతరాలుగా ఆ పోలిక పెరుగుతూ వచ్చింది. ఈ అనుకరణకు శాస్త్ర గ్రంథాలలో తరచుగా ఇచ్చే ఉదాహరణ కూడా అదే.

సరటోవ్ - సమశ్రేణి సూత్రం

1917లో ఓల్గా నది ఒడ్డున ఉన్న సరటోవ్ నగరంలో ఆచార్యుడిగా చేరాడు. అది విప్లవ సంవత్సరం. ఆ తరువాత అంతర్యుద్ధం. పరికరాలు లేవు, కట్టెలు లేవు, తిండి అంతంతమాత్రం. అటువంటి పరిస్థితులలోనే విద్యార్థులతో కలిసి వేలాది మొక్కలను పొలంలో పెంచి పరిశీలించాడు. వారిలో ఒకరైన ఎలెనా బరూలినా తరువాతి కాలంలో మసూర పంటపై ప్రామాణిక గ్రంథం రచించింది. ఈమె వావిలోవ్‌కు రెండవ భార్య.

1920 జూన్‌లో సరటోవ్‌లో జరిగిన ప్రజనన శాస్త్రజ్ఞుల సమావేశంలో వావిలోవ్ తన సమశ్రేణి సూత్రాన్ని ప్రకటించాడు. దగ్గరి బంధుత్వం గల మొక్కల జాతులలో మార్పులు కూడా ఒకే వరుసలో కనిపిస్తాయన్నది దీని సారాంశం. గోధుమలో మీసాలున్న కంకులు, మీసాలు లేని కంకులు ఉంటే బార్లీలోనూ, రైలోనూ అవి ఉండితీరాలి. ఒక జాతిలో ఒక రూపం ఇంతవరకు కనిపించలేదంటే అది లేదని కాదు, ఇంకా ఎవరి కంటా పడలేదని అర్థం. మెండలీఫ్ తన మూలకాల పట్టికలో ఖాళీ గళ్ళు ఉంచి, అక్కడ ఉండవలసిన మూలకాలను ముందే చెప్పినట్లుగా, వావిలోవ్ కూడా ఇంకా దొరకని మొక్కలను ఊహించాడు. సభలోని వారు ఆనాడే ఈయనను మెండలీఫ్‌తో పోల్చి హర్షధ్వానాలు చేశారు. కొన్నేళ్ళ తరువాత మీసాలు లేని గట్టి గోధుమ రకం అబిసీనియా (ఇథియోపియా)లో ఈయనకే లభించింది.

పెట్రోగ్రాడ్ సంస్థ

పెట్రోగ్రాడ్‌లోని అనువర్తిత వృక్షశాస్త్ర విభాగానికి అధిపతిగా ఉన్న రాబర్ట్ రెగెల్ 1920లో మరణించడంతో ఆ బాధ్యత వావిలోవ్‌కు అప్పగించబడింది. 1921లో కొందరు శిష్యులతో అక్కడికి చేరాడు. అదే సంవత్సరం ఓల్గా ప్రాంతంలో ఘోరమైన కరవు వచ్చి లక్షలాది ప్రజలు మరణించారు. ఆ కరవు నడుమనే అమెరికా వెళ్ళి పెద్ద ఎత్తున విత్తనాలు సేకరించి తెచ్చాడు.

పలుమార్లు పేర్లు మారిన ఈ సంస్థ 1930 నుండి అఖిల సోవియట్ వృక్ష పరిశ్రమ సంస్థగా పిలవబడింది. దేశంలోని ఎడారి, మంచు, కొండ, మైదాన ప్రాంతాలన్నిటిలోనూ దీనికి ప్రయోగ క్షేత్రాలుండేవి. ఒకే రకం విత్తనాన్ని వేర్వేరు చోట్ల విత్తి, ఏది ఎక్కడ ఎలా పండుతుందో నమోదు చేసేవారు. విత్తనం ప్రాణమున్న వస్తువు. డబ్బాలో పెట్టి మూత వేస్తే శాశ్వతంగా ఉండదు. కొన్నేళ్ళకొకసారి మొలకెత్తించి, పంట తీసి, కొత్త గింజలు దాచాలి. కావున విత్తన భాండాగారమంటే కేవలం గిడ్డంగి కాదు, ఏటేటా వేలాది మడులలో సాగే సేద్యం. 1940 నాటికి అక్కడ దాదాపు 2,50,000 నమూనాలుండేవి.

వావిలోవ్ నాలుగైదు గంటలకు మించి నిద్రించేవాడు కాదని ఆయనతో పనిచేసినవారు రాశారు. తెల్లవారుజామున 4 గంటలకు పొలంలో సమావేశం పెట్టడం సర్వసాధారణం. అనేక భాషలు మాట్లాడగలిగేవాడు. యాత్రలలో ఏ దేశం వెళితే ఆ దేశపు రైతులతో వారి మాటల్లోనే సంభాషించడానికి ప్రయత్నించేవాడు. సంతలకు వెళ్ళి గింజలు కొనడం ఈయనకు ఇష్టమైన పద్ధతి. ఒక ప్రాంతపు పంటలన్నీ ఒకేచోట కనిపించేది సంతలోనే కదా.

ప్రధాన యాత్రలు

1924లో ఆఫ్ఘనిస్తాన్ యాత్ర అత్యంత కష్టతరమైనది. బయటివారు అరుదుగా అడుగుపెట్టిన కాఫిరిస్తాన్ (నేటి నూరిస్తాన్) లోయల గుండా గుర్రాలపైన, కాలినడకన ప్రయాణించి వేలాది నమూనాలతో తిరిగి వచ్చాడు. ఈ యాత్రకు రష్యన్ భౌగోళిక సంఘం స్వర్ణ పతకం లభించింది.

1926-27లో మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు తిరిగాడు. సిరియాలో మలేరియా జ్వరం పట్టుకున్నా యాత్ర ఆపలేదు. అక్కడి నుండి అబిసీనియా వెళ్ళి, తరువాతి కాలంలో హైలీ సెలాసీ చక్రవర్తిగా ప్రసిద్ధుడైన రాస్ తఫారీని కలుసుకొని దేశంలో సంచరించడానికి అనుమతి పొందాడు. 1929లో పశ్చిమ చైనా, జపాన్, కొరియా, తైవాన్‌లు సందర్శించాడు. ఆ యాత్రలోనే ఆల్మా-అటా (ఆల్మటీ) నగరం చుట్టూ కొండలపై అడవి ఆపిల్ చెట్లు దట్టంగా పెరగడం చూసి, ఆపిల్ జన్మస్థానం ఇదేనని గుర్తించాడు. డెబ్భై ఎనభై ఏళ్ళ తరువాత జన్యు పరీక్షలు ఆ అభిప్రాయాన్నే ధృవపరచాయి. 1930లోనూ, 1932-33లోనూ అమెరికా ఖండాలలో మెక్సికో నుండి అర్జెంటీనా వరకు పర్యటించాడు. అంతకు ముందే ఈయన సహచరులు ఆండీస్ పర్వతాలలో బంగాళాదుంప బంధువులనేకం కనుగొన్నారు. చలిని, తెగుళ్ళను తట్టుకునే ఆ అడవి దుంపలు తరువాతి ప్రజనన కృషికి ఆధారమయ్యాయి.

భారతదేశానికి రావాలన్న కోరిక మాత్రం ఈయనకు నెరవేరలేదు. సోవియట్ దేశస్థులను బ్రిటిష్ ప్రభుత్వం అనుమానంతో చూసే రోజులవి. ఈయన సంస్థ తరఫున మార్కోవిచ్ అనే శాస్త్రజ్ఞుడు 1920ల చివరలో భారతదేశంలో పర్యటించి విత్తనాలు సేకరించాడు.

పంటల జన్మస్థానాలు

సాగు మొక్కల జన్మస్థానాలపై వావిలోవ్ గ్రంథం 1926లో వెలువడింది. అదే సంవత్సరం లెనిన్ బహుమతి పొందాడు. ఒక పంటలో ఎక్కువ వైవిధ్యం ఎక్కడ కనిపిస్తుందో ఆ పంట అక్కడే పుట్టి ఉంటుందన్నది ఈయన వాదన. ఇతర దేశాలకు వెళ్ళేది కొద్దిపాటి విత్తనమే గనుక అక్కడ వైవిధ్యం తక్కువగా ఉంటుంది. పుట్టినచోట వేల ఏళ్ళుగా పోగైన రూపాలన్నీ ఉంటాయి. ఇటువంటి ప్రాంతాలు ఎక్కువగా పర్వత ప్రదేశాలనీ, నదీ మైదానాలు కావనీ గమనించాడు.

1935 నాటికి ఇటువంటి 8 కేంద్రాలను పేర్కొన్నాడు. అవి చైనా, భారతదేశం, మధ్య ఆసియా, సమీప ప్రాచ్యం, మధ్యధరా ప్రాంతం, అబిసీనియా, దక్షిణ మెక్సికో - మధ్య అమెరికా, దక్షిణ అమెరికా. భారత కేంద్రం క్రింద ఈయన చేర్చిన పంటలలో వరి, కంది, పెసర, మినుము, వంగ, దోస, మామిడి, చెరకు, నువ్వు, మిరియం మొదలైనవి ఉన్నాయి. జొన్న అబిసీనియా నుండి, మిరప మెక్సికో నుండి వచ్చినట్లు చూపాడు. వేరుశనగ దక్షిణ అమెరికా పంట. గుంటూరు మిరప, రాయలసీమ వేరుశనగ అని మనం గర్వంగా చెప్పుకునే పంటల పూర్వులు అయిదారు వందల సంవత్సరాల క్రితం ఈ నేలపై లేవని తెలిసినపుడు విద్యార్థులు నమ్మడానికి కొంత తటపటాయిస్తారు.

తరువాతి శాస్త్రజ్ఞులు ఈ సిద్ధాంతాన్ని కొంత సవరించారు. వైవిధ్యం ఎక్కువగా ఉన్నచోటే పంట పుట్టి ఉండాలన్న నియమం లేదనీ, కొన్ని పంటలు ఒక చిన్న కేంద్రంలో కాక విశాల ప్రాంతంలో రూపుదిద్దుకున్నాయనీ జాక్ హార్లన్ వంటివారు చూపారు. వరి జన్మస్థానం విషయంలో కూడా నేడు చైనాలోని యాంగ్‌ట్సే లోయకే ప్రాధాన్యం ఇస్తున్నారు. అయినను కొత్త గుణాల కోసం విత్తనాలు ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు వావిలోవ్ గీసిన పటమే నేటికీ మార్గదర్శకం.

లైసెంకోతో వివాదం

1929లో లెనిన్ వ్యవసాయ శాస్త్రాల అకాడమీకి వావిలోవ్ మొదటి అధ్యక్షుడయ్యాడు. అదే కాలంలో స్టాలిన్ ప్రభుత్వం రైతుల భూములను బలవంతంగా సమష్టి క్షేత్రాలలో కలిపింది. 1932-33లో ఉక్రెయిన్, కజకిస్తాన్, ఓల్గా తదితర ప్రాంతాలలో సంభవించిన కరవులో లక్షల సంఖ్యలో ప్రజలు మరణించారు. ప్రభుత్వానికి వెంటనే ఫలితాలు కావాలి. కొత్త వంగడం తయారుకావడానికి పది పన్నెండేళ్ళు పడుతుండగా, నాలుగైదేళ్ళలోనే పూర్తిచేయాలని 1931లో ప్రభుత్వం ఆదేశించింది. గింజ మొలిచి, కంకి వేసి, మళ్ళీ గింజ కావడానికి ఒక పంటకాలం పట్టితీరుతుంది. ఏ ప్రభుత్వ ఆదేశమూ దానిని కుదించలేదు.

ఈ పరిస్థితిలో త్రోఫిమ్ లైసెంకో అనే యువకుడు వెలుగులోకి వచ్చాడు. నానిన విత్తనాన్ని చలిలో ఉంచి, శీతాకాలపు గోధుమను వసంతంలో విత్తి పంట తీయవచ్చునన్న వెర్నలైజేషన్ పద్ధతిని ప్రచారం చేశాడు. పద్ధతిలో కొంత నిజం లేకపోలేదు. మొదట్లో వావిలోవ్ స్వయంగా ఇతనిని ప్రోత్సహించాడు. రైతు బిడ్డ అన్న సానుభూతితోపాటు, విదేశీ విత్తనాల పుష్పించే కాలాన్ని సవరించడానికి ఆ పద్ధతి పనికివస్తుందన్న ఆశ కూడా ఉండేది. కానీ లైసెంకో క్రమంగా జన్యువులే లేవనీ, పరిసరాలను మార్చి మొక్కల స్వభావాన్నే మార్చవచ్చనీ వాదించసాగాడు. ప్రయోగాలకు నియంత్రణ లేదు, లెక్కలకు ఆధారం లేదు. అయినా తక్షణ ఫలితాల వాగ్దానం స్టాలిన్‌కు నచ్చింది. 1935లో వావిలోవ్ అధ్యక్ష పదవి కోల్పోయాడు. ఆయన తరువాత వచ్చిన మురలోవ్ 1937లో అరెస్టయి కాల్చివేయబడ్డాడు. 1938లో లైసెంకో ఆ పీఠం ఎక్కాడు.

1937లో మాస్కోలో జరగవలసిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ రద్దయింది. అది 1939లో ఎడిన్‌బరోలో జరిగినపుడు అధ్యక్షుడిగా వావిలోవ్‌నే ఎన్నుకున్నారు. ప్రభుత్వం ఆయనను వెళ్ళనివ్వలేదు. ఈ సంవత్సరాలలో చాలామంది శాస్త్రజ్ఞులు మాట మార్చి ప్రాణం కాపాడుకున్నారు. వావిలోవ్ మాత్రం జన్యుశాస్త్రమే సత్యమని బహిరంగ సభలలో చెబుతూ వచ్చాడు. ఈయన తొలి రోజులలో లైసెంకోను ఉపేక్షించకుండా ఎదిరించి ఉంటే బాగుండేదని కొందరు చరిత్రకారులంటారు. అది న్యాయమైన విమర్శే గాని, 1930 నాటికి లైసెంకో ఏమవుతాడో ఊహించినవారు అరుదు.

నిర్బంధం - మరణం

1940 ఆగస్టు 6న కార్పేథియన్ కొండల ప్రాంతంలో విత్తన సేకరణ జరుపుతుండగా చెర్నోవ్ట్సీ పట్టణం వద్ద నల్లని కారులో కొందరు వచ్చి, మాస్కోలో అత్యవసరమైన పని ఉందని చెప్పి ఈయనను తీసుకొనిపోయారు. ఆయన విడిచివెళ్ళిన సంచిని సహచరులు విప్పి చూడగా, ఆనాడు సేకరించిన మొక్కలలో ప్రాచీనమైన పొట్టు గోధుమ కనిపించింది. ఆ రోజు ఆయన చేసిన చివరి సేకరణ అది.

విచారణ 11 నెలలు సాగింది. రాత్రుళ్ళు గంటల తరబడి నిలబెట్టి ప్రశ్నించేవారు. విప్లవ వ్యతిరేక సంస్థలో సభ్యుడనీ, ఇంగ్లండుకు గూఢచారి అనీ, సోవియట్ వ్యవసాయాన్ని కావాలని పాడుచేశాడనీ ఆరోపణలు. 1941 జులై 9న సైనిక న్యాయస్థానం కొద్ది నిమిషాలలో విచారణ ముగించి మరణశిక్ష విధించింది. ఈయన సంస్థకు చెందిన ప్రముఖులు కూడా బలయ్యారు. క్యాబేజీ, ముల్లంగి జాతులను కలిపి సంతానోత్పత్తి గల సంకర మొక్కను సృష్టించి ప్రపంచ ఖ్యాతి పొందిన గియోర్గీ కార్పెచెంకో 1941 జులైలో కాల్చివేయబడ్డాడు. కణశాస్త్ర నిపుణుడు లెవిట్‌స్కీ 1942లో జైలులో మరణించాడు.

జర్మన్ సేనలు మాస్కోను సమీపించడంతో 1941 అక్టోబర్‌లో ఖైదీలను సరటోవ్‌కు తరలించారు. ఒకప్పుడు ఆచార్యుడిగా వెలుగొందిన నగరానికే వావిలోవ్ మరణశిక్ష పడిన ఖైదీగా చేరాడు. కిటికీ లేని నేలమాళిగ గదిలో నెలల తరబడి ఉంచారు. అంతకుముందు మాస్కో చెరలో ప్రపంచ వ్యవసాయ చరిత్రపై ఒక గ్రంథం రాశాడు. ఆ రాతప్రతి దొరకలేదు. తోటి ఖైదీలకు జీవశాస్త్రం, వ్యవసాయం గురించి ఉపన్యాసాలిచ్చేవాడని బతికి బయటపడినవారు చెప్పారు. వృద్ధుడైన గురువు ప్రియానిష్నికోవ్ ప్రాణభయం లేకుండా అధికారులకు విజ్ఞప్తులు చేశాడు. 1942 జూన్‌లో మరణశిక్షను 20 సంవత్సరాల శిక్షగా మార్చారు. అప్పటికే ఆయన శరీరం శిథిలమైంది. 1943 జనవరి 26న జైలు ఆసుపత్రిలో మరణించాడు. సరటోవ్ శ్మశానంలో ఇతర ఖైదీలతోపాటు పాతిపెట్టారు. సమాధి స్థలం కచ్చితంగా గుర్తించబడలేదు.

భార్య ఎలెనా, చిన్న కుమారుడు యూరి యుద్ధకాలంలో సరటోవ్‌లోనే తలదాచుకొని ఉన్నారు. జైలు వారి నివాసానికి ఎంతో దూరం లేదు. భర్త మాస్కోలో ఉన్నాడనుకొని ఆమె తన కొద్దిపాటి తిండిలోనే మిగిల్చి అక్కడికి పొట్లాలు పంపుతూ ఉండేది. అవేవీ ఆయనకు చేరలేదు. 1942లో లండన్ రాయల్ సొసైటీ ఈయనను విదేశీ సభ్యుడిగా ఎన్నుకున్నది. ఆయన ఎక్కడున్నాడో వారికీ తెలియదు.

లెనిన్‌గ్రాడ్ ముట్టడి - విత్తనాల రక్షణ

1941 సెప్టెంబర్ నుండి 1944 జనవరి వరకు జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించింది. మొదటి శీతాకాలంలో తిండి లేక నగరంలో లక్షలమంది మరణించారు. సంస్థ భవనంలో టన్నుల కొద్దీ వరి, గోధుమ, చిక్కుడు, వేరుశనగ, మొక్కజొన్న గింజలున్నాయి. కొంత భాగాన్ని ఉరల్ ప్రాంతానికి తరలించగలిగారు. అధిక భాగం అక్కడే ఉండిపోయింది.

మిగిలిన ఉద్యోగులు గింజలను పెట్టెలలో భద్రపరచి, ఒంటరిగా ఎవరూ ఆ గదులలోకి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నారు. రాత్రింబవళ్ళు వంతులవారీగా ఎలుకల నుండి కాపలా కాశారు. పావ్‌లొవ్‌స్క్ క్షేత్రం శత్రువుల వశం కావడానికి ముందు అబ్రహాం కమెరాజ్, ఓల్గా వొస్క్రెసెన్‌స్కాయా ఫిరంగి గుండ్ల నడుమ బంగాళాదుంప నమూనాలను త్రవ్వి నగరానికి చేర్చారు. గడ్డకట్టే చలిలో దుంపలు పాడవకుండా చేతికందిన కర్ర ముక్కలన్నీ తగులబెట్టి నేలమాళిగను వెచ్చగా ఉంచారు. వేరుశనగ విభాగానికి చెందిన అలెగ్జాండర్ షుకిన్ తన బల్ల వద్దనే ప్రాణం విడిచాడు. ఓట్స్ విభాగపు లిలియా రోదినా, వరి నిపుణుడు ద్మిత్రీ ఇవనోవ్ మరియు మరికొందరు ఆకలితో మరణించారు. ఇవనోవ్ మరణించిన తరువాత ఆయన రక్షణలో ఉన్న వేలాది వరి పొట్లాలు చెక్కుచెదరకుండా కనిపించాయి. తమ అధిపతి బతికి ఉన్నాడో లేదో, దేశద్రోహిగా ముద్రపడిన అతని పేరు ఎత్తవచ్చునో లేదో తెలియని కాలంలో వీరు ఈ పని చేశారు. పస్తులుండి కూడా విత్తనపు గింజల జోలికి పోని రైతు మన పల్లెలకు తెలియనివాడు కాదు గాని, ఆ రైతుకు వచ్చే కారు మీద ఆశ ఉంటుంది. వీరిలో చాలామందికి ఆ ఆశ కూడా లేదు.

తదనంతరం

1945లో స్టాలిన్ ప్రభుత్వం తమ్ముడు సెర్గీ వావిలోవ్‌ను సోవియట్ శాస్త్ర అకాడమీకి అధ్యక్షుడిని చేసింది. అన్నను చంపిన ప్రభుత్వం ఇచ్చిన పదవిని తమ్ముడు ఎందుకు స్వీకరించాడన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే. నిరాకరిస్తే ఆ స్థానం మరింత ప్రమాదకరమైన వారికి దక్కేదని కొందరి వాదన. పెద్ద కుమారుడు ఒలెగ్ 1946లో కాకసస్ పర్వతారోహణలో మరణించాడు. 1948 ఆగస్టులో లైసెంకో విజయం సంపూర్ణమై జన్యుశాస్త్ర బోధన దేశమంతటా నిషేధించబడింది.

స్టాలిన్ మరణానంతరం 1955లో న్యాయస్థానం వావిలోవ్‌పై కేసును కొట్టివేసి నిర్దోషిగా ప్రకటించింది. లైసెంకో ప్రాబల్యం మాత్రం 1964లో క్రుశ్చేవ్ పదవి కోల్పోయేవరకు కొనసాగింది. వావిలోవ్ యాత్రా రచన 1962లో అచ్చయింది. అందులో చాలా అధ్యాయాలు లభించలేదు. 1967లో సంస్థకు ఈయన పేరు పెట్టారు. 2862 సంఖ్య గల గ్రహశకలానికి అన్నదమ్ములిద్దరి గౌరవార్థం వావిలోవ్ అని నామకరణం చేశారు.

విత్తన వైవిధ్యాన్ని సేకరించి భద్రపరచాలన్న ఆలోచన నేడు అన్ని దేశాలకూ వ్యాపించింది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ జన్యు భాండాగారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. తెగుళ్ళను, బెట్టను తట్టుకునే గుణం కావలసినపుడు ప్రజనన శాస్త్రజ్ఞులు మొదట వెదికేది ఇటువంటి చోటనే.

2010లో పావ్‌లొవ్‌స్క్ క్షేత్రపు భూమిని ఇళ్ళ నిర్మాణానికి ఇవ్వాలన్న ప్రయత్నం జరిగింది. అక్కడి పండ్ల, బెర్రీల మొక్కలలో అధిక భాగం ప్రపంచంలో మరెక్కడా లేనివి. విత్తనంగా దాచడానికి వీలుపడని ఆ మొక్కలను నేలలోనే పెంచుతూ కాపాడాలి. వివిధ దేశాల శాస్త్రజ్ఞులు నిరసన తెలుపగా 2012లో ఆ ప్రయత్నం విరమించబడింది.

వర్గాలు: వృక్షశాస్త్రవేత్తలు, జన్యుశాస్త్రవేత్తలు, 1887 జననాలు, 1943 మరణాలు